హార్ట్ ఆఫ్ గ్లాస్: ఏళ్లుగా వింటున్న చెవితో

అమెరికన్ రాక్ బ్యాండ్ బ్లాండీ గురించీ, దాని గాయని డెబ్బీ హ్యారీ గొంతు గురించీ కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. వీళ్ల 'ప్యారలల్ లైన్స్' ఆల్బం ఎల్పీ రికార్డు చాలా ఏళ్లుగా నా దగ్గరుంది. రెండో వైపు 'సండే గర్ల్' అయిపోయి 'హార్ట్ ఆఫ్ గ్లాస్' మొదలవగానే ఇప్పటికీ చేతిలో పని పక్కన పెట్టేస్తాను. కారణం ఒక్కటే, ఆ దరువు.

ముందు వినిపించేది మనిషి వాయించింది కాదు, దరువుని దానంతటదే మోగించే రోలాండ్ సీఆర్-78 అనే రిథమ్ మెషీన్. దానికి బ్యాండ్ డ్రమ్మర్ క్లెమ్ బర్క్ డ్రమ్స్ తోడవుతాయి. ఇప్పుడైతే కాస్త అటూ ఇటూ అయినా కంప్యూటర్‌లో సర్దేస్తారు. 1978లో న్యూయార్క్ స్టూడియోలో వీళ్లకి ఆ వెసులుబాటు లేదు. నిర్మాత మైక్ చాప్‌మన్ పట్టుబట్టి డ్రమ్స్‌ని విడివిడిగా రికార్డు చేయించాడు. మెషీన్ పక్కన వాయించేటప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినా దొరికిపోతారు. బర్క్ తడబడడు, అలాగని బిగుసుకుపోడు కూడా. జంట తాళాల్లాంటి హైహ్యాట్ 'త్స్' అని తెరుచుకున్న ప్రతిసారీ అక్కడ ఒక మనిషి ఉన్నాడని తెలుస్తూనే ఉంటుంది.

అసలు ఆశ్చర్యం, గొంతు ఆగి వాద్యాలు మాత్రమే మోగే చోట ఉంది. చిన్నప్పుడు కొన్నాళ్లు మృదంగం నేర్చుకోవడం వల్ల ఏ పాట విన్నా నా చెయ్యి దానంతటదే తాళం వేస్తుంది. ఓ రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నారని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఈ పాట వింటూ, తొడ మీద నాలుగు, నాలుగు అని వేసుకుంటూ పోతున్నాను. సరిగ్గా అక్కడికొచ్చేసరికి చెయ్యి జారింది. రికార్డు గెంతిందేమోనని సూది ఎత్తి మళ్లీ కాస్త వెనక నుంచి పెట్టాను. మళ్లీ అదే చోట! ఎనిమిది దెబ్బలు రావాల్సిన దగ్గర ఏడే వస్తున్నాయి. 'తకధిమి తకిట' అనుకుంటూ వేస్తే అప్పుడు కుదిరింది, ఏడు దెబ్బల మన మిశ్రచాపు తాళాన్ని తిరగేసినట్టుగా. కాసేపటికి మళ్లీ మామూలు నాలుగులోకి వచ్చేస్తుంది. డాన్స్ కోసమే అన్నట్టున్న పాటలో ఒక దెబ్బ ఎగరగొట్టడం ఎంత తెగువ! ఆ పాటకే బ్రిటన్, అమెరికా రెండు దేశాల జనం చిందులేశారు.

అందుకే వీళ్లు డిస్కోకి అమ్ముడుపోయారన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. న్యూయార్క్‌లో పంక్ అనే ముతక రాక్ సంగీతానికి పేరుపడ్డ సీబీజీబీ క్లబ్బు రోజుల నుంచి వెంట ఉన్న పంక్ అభిమానులు కొందరు అప్పట్లో అలాగే అన్నారు. ఈ పాట తొలి రూపం 1975 నుంచే వీళ్ల దగ్గరుంది, తమలో తాము దాన్ని 'డిస్కో సాంగ్' అనే పిలుచుకునేవారు. బ్రిటన్‌లో బ్లాండీకి అప్పటికే హిట్లున్నాయి. సొంత దేశమే పట్టించుకోలేదు. 1979 జనవరిలో సింగిల్‌గా వచ్చిన ఈ పాట ఫిబ్రవరిలో బ్రిటన్‌లో, ఏప్రిల్‌లో అమెరికాలో నంబర్ వన్ అయింది. తర్వాత 'కాల్ మీ', 'ద టైడ్ ఈజ్ హై', 'రాప్చర్' కూడా అమెరికాలో ఆ స్థానానికే వెళ్లాయి.

అయితే ఏ వెర్షన్ దొరికినా ఇంత ఆనందం ఉంటుందని చెప్పలేను. ఆల్బం తొలి ముద్రణల్లో పాట నాలుగు నిమిషాల లోపే. తర్వాత వచ్చిన కొన్నింట్లో ఆరు నిమిషాలకి దగ్గరగా ఉండే డిస్కో వెర్షన్ పెట్టారు. డాన్స్ ఫ్లోర్ మీద బాగుంటుందేమో గానీ, ఇంట్లో కూర్చుని వింటుంటే చివర్లో సాగినట్టే అనిపిస్తుంది. ఫోన్ స్పీకర్లో వింటే మెషీన్ టిక్కుటిక్కు తప్ప బాస్ డ్రమ్ జాడే ఉండదు. పైగా గిటార్ పాటల మధ్యలో ఇది కొంచెం వేరుగానే వినిపిస్తుంది, ఆ మాట కాదనను.

నా చెవి ముందు తాళం మీదికే పోతుంది కాబట్టి నాకింత నచ్చింది. గిటార్ మోత కావాలనుకునేవాళ్లకి ఇదే ఎల్పీ మొదటి వైపు ఎక్కువ నచ్చొచ్చు, 'హ్యాంగింగ్ ఆన్ ద టెలిఫోన్'తో మొదలుపెట్టండి. తాళం తెలిసినవాళ్లయితే మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ మధ్య భాగం ఒక్కసారి చెయ్యి వేసుకుంటూ వినండి.