గ్రీన్ హాల్‌లో విన్న ఒక స్థానిక కంట్రీ సంగీత బృందం

టెక్సస్‌లో ఆస్టిన్, సాన్ ఆంటోనియో నగరాల మధ్యనున్న న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో గ్రీన్ (Gruene) హాల్‌ను 1878లో కట్టారు. ఆ రాష్ట్రంలో నేటికీ ఎడతెగకుండా నడుస్తున్న డాన్స్ హాళ్లలో ఇదే అన్నిటికన్నా పాతదని చెబుతారు. రేకుల కప్పు, గాలి కోసం పక్కలకు తెరిచే చెక్క తలుపులు, గోడల మీద వెలిసిన పాత వ్యాపార ప్రకటనలు, ఒక చివర చిన్న వేదిక, అంతే. ఏసీ లేదు కనుక వేసవిలో వెళ్లేవారు చెమటకు సిద్ధపడాలి. అమెరికా గ్రామీణ సంగీతమైన ‘కంట్రీ’లో ప్రసిద్ధ గాయకుడు జార్జ్ స్ట్రెయిట్ పేరు తెచ్చుకోకముందు పాడిన వేదిక ఇదే. పేరున్న గాయకులు వచ్చే రాత్రులకు టికెట్ ఉంటుంది. మేము వెళ్లిన సాయంత్రం ప్రవేశం ఉచితం, పాడినవారు ఆ చుట్టుపక్కలవారే.

ఐదుగురున్న ఆ బృందంలో నన్ను కట్టిపడేసినది పెడల్ స్టీల్ గిటార్. బల్లలా నిలబెట్టిన ఆ వాద్యం ముందు కూర్చుని, ఎడమచేతి లోహపు కడ్డీని తీగల మీద జరుపుతూ, పాదంతో పెడళ్లను, మోకాళ్లతో మీటలను కదిలిస్తూ వాయిస్తారు. ఒక స్వరం నుంచి ఇంకొక స్వరానికి తెగకుండా సాగే ఆ నాదం కర్ణాటక సంగీతంలోని జారుకు అలవాటుపడిన చెవికి కొత్తగా అనిపించదు. ఫిడిల్ అంటే మన వయొలిన్ వాద్యమే అయినా, దాన్ని వాయించినామె నిలబడి, రెండేసి తీగల మీద ఒకేసారి కమాను నడుపుతూ, పాట కంటే నాట్యానికే ఎక్కువ ఊపునిచ్చింది.

ఇలాంటి చోట వాయించడమంటే నేల మీద నాట్యమాడేవారి కోసం వాయించడమని నాకు అక్కడే అర్థమైంది. టూ-స్టెప్ అనే జంట నాట్యం వేసేవారు అలసి పక్కకు తప్పుకోగానే గాయకుడు మూడు మాత్రల వాల్ట్జ్ నాట్యపు పాటకు మారేవాడు. వృద్ధ దంపతులు లేచి వస్తే చివరి చరణాన్ని ఇంకొకసారి ఎత్తుకునేవాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం రికార్డుల్లో దొరికేది కాదు.

లోపాలూ లేకపోలేదు. మొదటి గంటంతా అందరికీ తెలిసిన పాత పాటలే పాడారు, డ్రమ్స్ హోరులో సాహిత్యం సగం వినపడలేదు. డ్రమ్మర్ విరామం తీసుకున్నాక, గిటార్, ఫిడిల్ మాత్రమే తోడుగా ముగ్గురు గొంతులు కలిపి పాడిన జానపద బాణీల్లో, ముఖ్యంగా కరవుకు పశువులను అమ్ముకున్న కుటుంబం గురించి తామే రాసుకున్న పాటలో, వారి అసలు శక్తి బయటపడింది. ఆ భాగం ఇంకాస్త పొడిగించి ఉండాల్సింది.

సాహిత్యం వినాలనుకునేవారు బార్ వైపు కబుర్లకు దూరంగా, వేదిక దగ్గరి బల్లల మీద చోటు చూసుకోవాలి. టికెట్ లేదు కదా అని ఊరుకోకుండా, వేదిక ముందుంచిన జాడీలో కొంత డబ్బు వేయడం మర్యాద. వారు అమ్మిన సీడీ కూడా కొన్నాను; అందులో స్టీల్ గిటార్ శబ్దాన్ని బాగా తగ్గించేశారు కాబట్టి, దాని కోసమే కొనేవారు ముందు ఒకటి రెండు పాటలు విని చూసుకోవడం మంచిది.