సర్వే డేటా విశ్లేషణ బయట చేయిస్తున్నారా? అవుట్‌పుట్ ఫైలు చూడకుండా డబ్బు కట్టకండి

విశాఖపట్నంలో థీసిస్ కోసం సర్వే డేటాను డబ్బిచ్చి విశ్లేషణ చేయించుకునే పరిశోధక విద్యార్థులకు ఈ హెచ్చరిక. ఫిషింగ్ హార్బర్ మత్స్యకార కుటుంబాల నుంచి సేకరించిన ప్రశ్నావళిని నగరంలోని ఒక కేంద్రానికి ఇచ్చి, క్యాట్‌పీసీఏ (కేటగిరీలుగా ఉన్న జవాబులకు సంఖ్యా విలువలిచ్చి, ఎన్నో చలరాశులను కాంపొనెంట్లనే కొద్దిపాటి సారాంశ కొలతలుగా కుదించే పద్ధతి) చేసి ఫలితాలు వివరించమన్నాను. వారు రుసుము మొత్తం ముందే తీసుకుని, రంగుల బైప్లాట్‌తో (కుటుంబాలను బిందువులుగా, చలరాశులను బాణాలుగా చూపే చిత్రంతో) అందమైన నివేదిక ఇచ్చారు. అందులోని వ్యాఖ్యానం చాలావరకు తప్పు.

అన్నిటికంటే ఘోరం వృత్తి సంగతి. వేటకు 1, చేపల అమ్మకానికి 2, వలల మరమ్మతుకు 3 అన్నవి గుర్తింపు సంఖ్యలే తప్ప హెచ్చుతగ్గులు కావు. దాన్ని నామినల్‌గానే (వరుసక్రమం లేని కేటగిరీలుగానే) నడిపి, లోడింగ్ మైనస్‌లో వచ్చింది కనుక ‘వృత్తి పెరిగేకొద్దీ ఆదాయం తగ్గుతోంది’ అని రాశారు. వృత్తి పెరగడమంటే ఏమిటో వారికే తెలియాలి! డిఫాల్ట్ నార్మలైజేషన్‌లో (మనం మార్చకపోతే సాఫ్ట్‌వేర్ వాడే స్కేలు పద్ధతిలో) లోడింగ్ అంటే, ఆప్టిమల్ స్కేలింగ్ (డేటాను బట్టి కేటగిరీలకు తగిన విలువలు లెక్కగట్టడం) తర్వాత కేటగిరీలకు వచ్చిన కొత్త విలువలకూ కాంపొనెంట్‌కూ మధ్య సహసంబంధం; మనమిచ్చిన కోడ్‌లతో దానికి పని లేదు. కాబట్టి ఏ కేటగిరీకి ఏ విలువ వచ్చిందో చూపే క్వాంటిఫికేషన్ పట్టిక లేకుండా ఆ మైనస్‌కు అర్థం చెప్పలేము. ఆ పట్టిక ఏదని అడిగితే, ‘అది ఎవరూ చూడరండీ’ అన్నారు.

బైప్లాట్‌లో ఒక కుటుంబం బిందువు ‘అప్పు’ బాణం మొనకు దగ్గరగా ఉందని, ఆ కుటుంబానికి అప్పు ఎక్కువని తేల్చారు. చూడవలసింది మొనకు ఉన్న దూరం కాదు, బిందువు నుంచి బాణపు గీత మీదికి దించిన లంబం ఎక్కడ పడుతుందన్నది. పొట్టి బాణాల మధ్య కోణాలకూ కథలు అల్లారు. రెండు కాంపొనెంట్లపై లోడింగ్‌లు 0.30, 0.20 అయితే వాటి వర్గాల మొత్తం 0.13, అంటే ఆ చలరాశి వైవిధ్యంలో నూటికి 13 పాళ్లే చిత్రంలోకి వచ్చింది. అటువంటి బాణం కోణాన్ని నమ్మడానికి లేదు.

మా గైడ్ పట్టుబట్టడంతో అవుట్‌పుట్ ఫైలు తెప్పించుకున్నాక మరొకటి బయటపడింది. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో క్యాట్‌పీసీఏ 1 కన్నా తక్కువ విలువలను మిస్సింగ్‌గా (జవాబు లేనట్టుగా) తీసుకుంటుంది. వారు డేటా ఎంట్రీలో ‘అప్పు లేదు’కు 0 వేసి, ‘కొద్దిగా’, ‘మోస్తరు’, ‘ఎక్కువ’లకు 1, 2, 3 వేశారు. దాంతో అప్పు లేని కుటుంబాలన్నీ ఆ ప్రశ్నకు జవాబే ఇవ్వనట్టు లెక్కయ్యాయి. అన్ని కోడ్‌లకూ ఒకటి కలిపితే సరిపోయేది. సరిచేయమంటే మళ్లీ రుసుము అడిగారు.

ఎవరికి పని అప్పగించినా సింటాక్స్ (విశ్లేషణకు వాడిన ఆదేశాలు), క్వాంటిఫికేషన్ పట్టికలు, మిస్సింగ్ లెక్క చూపే కేస్ ప్రాసెసింగ్ పట్టిక ఇస్తామని ముందే రాయించుకోండి. అవి చేతికొచ్చేవరకు సగం రుసుమైనా ఆపండి.