రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్: నిర్ణయం ఎవరు తీసుకుంటే మేలు?

తొలిదశలో బయటపడిన రొమ్ము క్యాన్సర్‌కు చాలామంది విషయంలో రెండు దారులు ఉంటాయి. గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని తీసి ఆ తర్వాత రేడియేషన్ ఇవ్వడం ఒకటి. రొమ్మును పూర్తిగా తొలగించడం రెండోది. ఇటలీలో వెరోనెసీ బృందం, అమెరికాలో ఫిషర్ బృందం రోగులను 20 ఏళ్ల పాటు గమనించి 2002లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ప్రాణం నిలబడే అవకాశం రెండింటిలోనూ సమానమే. గడ్డ మాత్రమే తీయించుకున్నవారిలో అదే రొమ్ములో వ్యాధి తిరగబెట్టడం మాత్రం కొంత ఎక్కువ. ఆయుష్షు విషయంలో తేడా లేనప్పుడు, ఏది ఎంచుకోవాలన్నది స్కానింగ్ రిపోర్టు ఒక్కటే చెప్పగలిగే సంగతి కాదు.

డాక్టరు ఒక్కరే నిర్ణయించే పద్ధతిలో వేగం ఉంది, అనుభవం ఉంది. ఓపీలో వందమంది ఎదురుచూస్తున్నప్పుడు అది సులువు కూడా. కానీ వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాలో, ఇంకా ఎక్కువో రేడియేషన్‌కు రావలసిన మనిషి ఆదిలాబాద్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఎక్కడ ఉంటుందో, అన్నాళ్లు కూలి పోతే ఇల్లు ఎలా గడుస్తుందో ఆయన అడిగితే తప్ప తెలియదు. అలాగని రొమ్ము మొత్తం తీయించుకుంటే రేడియేషన్ తప్పుతుందన్న హామీ కూడా లేదు. చంకలోని గ్రంథులకు వ్యాధి పాకి ఉంటే అప్పుడూ అవసరం పడవచ్చు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

మన దగ్గర ఎక్కువగా నడిచేది కుటుంబం నిర్ణయించే పద్ధతి. ఫైలు కొడుకు చేతిలో ఉంటుంది. “అమ్మకు చెప్పకండి సార్, తట్టుకోలేదు” అని డాక్టరును గది బయటే బతిమాలుకుంటారు. చివరికి ఆపరేషన్ ముందురోజు సాయంత్రం నర్సు వేలు పెట్టి చూపిన చోట ఆమె సంతకం పెడుతుంది. ఖర్చు భరించేది, తోడుండేది కుటుంబమే కాబట్టి వారి మాటకు విలువ ఉండాల్సిందే, అయితే ఆమె మాటకు బదులుగా కాదు. చట్టమూ అదే చెబుతోంది. క్యాన్సర్‌కు సంబంధించినది కాకపోయినా, సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, ప్రాణాపాయం లేనప్పుడు, మత్తులో ఉన్న వయోజనురాలికి బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని తేల్చింది.

డాక్టరు, రోగి కలిసి నిర్ణయించడమే మేలని నా అభిప్రాయం. అందుకు ఒక షరతు ఉంది: ఎంత తెలుసుకోవాలని ఉందో, నిర్ణయంలో ఎంత పాలు కావాలో ముందుగా ఆమెనే అడగాలి. కెనడాలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన వెయ్యిమందికి పైగా స్త్రీలను అడిగి 1997లో ప్రచురించిన అధ్యయనంలో 22 శాతం తామే నిర్ణయిస్తామన్నారు, 44 శాతం డాక్టరుతో కలిసి నిర్ణయించాలనుకున్నారు, 34 శాతం డాక్టరుకే వదిలేస్తామన్నారు. కోరుకున్నంత పాత్ర తమకు దక్కిందని చెప్పినవారు 42 శాతమే. “మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండి డాక్టరుగారూ” అనడమూ ఆమె నిర్ణయమే, రెండు దారులూ విన్న తర్వాత అన్నమాటైతే.

ఇంత వివరంగా మాట్లాడే వీలు అన్ని క్యాన్సర్లలోనూ ఉండదు. వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడుతున్నప్పుడు గంటలు కూడా విలువైనవే, అక్కడ డాక్టరు ముందుండి నడిపించాలి. తొలిదశ రొమ్ము క్యాన్సర్‌లో మాత్రం ఇంటికి వెళ్లి నాలుగు రోజులు ఆలోచించుకుని, భర్తతోనో అక్కతోనో కలిసి మళ్లీ వచ్చి అడిగేంత వ్యవధి సాధారణంగా ఉంటుంది.