బైరాగిపట్టెడలోని నెట్ సెంటర్: దర్శనం టికెట్లతో పాటు దొంగ మెయిళ్ల సంగతి కూడా తెలిసిన చోటు

తిరుపతిలో కాపురం ఉన్నవారికి బంధువుల దర్శనం టికెట్ల బాధ్యత తప్పదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలైన కాసేపటికే అయిపోతాయి కనుక, ఇంట్లో నెట్ మొరాయించిన రోజున నేను బైరాగిపట్టెడలోని ఒక చిన్న నెట్ సెంటర్‌కు వెళ్తుంటాను. ఉన్నవి నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. టికెట్ తీసి ప్రింటు చేతికిచ్చినందుకు 50 రూపాయలు తీసుకుంటారు. అది న్యాయమైన ధరే. అయితే ఈ సమీక్ష రాయాలనిపించింది టికెట్ల వల్ల కాదు.

గత నెలలో చిత్తూరు నుంచి మా మేనమామగారు వచ్చారు. ఆయన ఫోన్‌కు ఒక మెయిల్ వచ్చింది. మీ బుకింగ్ నిలిచిపోయిందని, రెండు గంటలలోపు 600 రూపాయలు కట్టకపోతే రద్దవుతుందని అందులో ఉంది. పంపినవారి పేరు దగ్గర దేవస్థానం పేరు, దాని పైన గోపురం బొమ్మ, కింద సొమ్ము కట్టడానికి నీలం రంగు బటన్ ఉన్నాయి. ఆయన నిజంగానే ఇద్దరికి టికెట్లు తీసుకుని ఉండడంతో అనుమానం రాలేదు సరికదా, కట్టించమని నన్ను తొందరపెట్టి ఆ సెంటర్‌కు తీసుకెళ్లారు.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి “ఒక్క నిమిషం ఆగండి తాతా, కట్టేది తర్వాత చూద్దాం” అని ఫోన్ అందుకుంది. పంపినవారి పేరు మీద వేలు పెట్టగానే దాని కింద ఎవరైనా ఉచితంగా తెరుచుకోగల మామూలు మెయిల్ చిరునామా బయటపడింది. తర్వాత నీలం బటన్‌ను తెరవకుండా నొక్కి పట్టుకుంటే, అది తీసుకెళ్లే సైటు చిరునామా కనిపించింది. ఆమె దాన్ని ఒక కాగితం మీద రాసి, దాని కిందే దేవస్థానం అసలు చిరునామా రాసింది. చిరునామా మొదట్లో ఉండే ‘https://’ను వదిలేసి, ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత (/) ఎక్కడ వస్తుందో చూసి, అక్కడి నుంచి వెనక్కి చదవాలని ఆమె చెప్పిన పద్ధతి మామయ్యకు వెంటనే ఎక్కింది. అసలుది ‘డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగుస్తుంది. ఆ ‘గవ్ డాట్ ఇన్’ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. నకిలీలో అవే మాటలు ఉన్నా, చుక్కల స్థానంలో చిన్న అడ్డగీతలు, చివర మరో తోక ఉంటాయి. 2023లో దేవస్థానం బయటపెట్టిన ఒక నకిలీ సైటు సరిగ్గా ఇలాంటిదే: అప్పటి అసలు చిరునామా ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ కాగా, దొంగది ‘తిరుపతిబాలాజీ హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఆర్గ్’. పరుగులో ఉన్న కంటికి ఆ తేడా ఆనదు. అందుకే రెండు గంటల గడువు పెడతారు.

అక్షర దోషాలుంటేనే దొంగ మెయిల్ అని నేను అంతవరకు నమ్మేవాణ్ని. ఈ మెయిల్‌లో ఒక్క తప్పు కూడా లేదు. తాళం గుర్తు ఉన్న సైటు మంచిదన్న నమ్మకమూ సరికాదని, మన ఫోన్‌కూ ఆ సైటుకూ మధ్య సమాచారం భద్రంగా వెళ్తుందనే దాని అర్థమని, అవతల ఉన్నది ఎవరో అది చెప్పదని అక్కడే తెలుసుకున్నాను. సొమ్ము పోగొట్టుకుని వచ్చినవారి చేత ముందుగా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరైన 1930కి ఫోన్ చేయిస్తామని, ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువని కూడా ఆమె చెప్పింది. ఇంత ఓపికకు ఆమె ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఒక లోపం మాత్రం చెప్పక తప్పదు. టికెట్ కోసం మనం ఇచ్చిన ఆధార్ ప్రతులు ఆ కంప్యూటర్లలోనే ఉండిపోతున్నాయి. నా ముందు కూర్చున్నవారి ఆధార్ ఫైలు తెర మీద నాకు కనిపించింది. ఓటీపీని కూడా నలుగురు వినేలా గట్టిగా అడుగుతున్నారు. యజమానికి చెబితే, రాత్రి మూసేటప్పుడు అన్నీ తుడిచేస్తామన్నారు. పగలంతా అవి అలా ఉండడం నాకు సమ్మతం కాదు. మన పని అవగానే మన కళ్ల ముందే ఫైలు తీసేయించుకుని, మెయిల్ నుంచి బయటికి వచ్చామో లేదో చూసుకుని లేవాలి.

టికెట్లు విడుదలయ్యే రోజు ఉదయం అక్కడ నిలబడడానికి కూడా చోటుండదు. అనుమానపు మెయిల్ చూపించుకోవాలనుకునే పెద్దవారు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్తే, ఆ అమ్మాయి కుర్చీ వేసి కూర్చోబెట్టి చూసి చెబుతుంది.