ఆత్మరక్షణకు తుపాకి: సరిహద్దు తోటల్లో ఏది మేలు?

ప్రతి ఏడూ జీడితోటల్లో పిక్కలు రాలడం మొదలయ్యేసరికి, ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్ల నుంచి నా దగ్గరకు వచ్చే రైతులు ఒకే ప్రశ్న అడుగుతారు. రాత్రిపూట తోటలో ఒంటరిగా ఉండే మనిషికి తుపాకి ఉంటే మేలా, ఉంటే ఏ తుపాకి మేలు, కాల్చవలసి వస్తే చట్టం ఒప్పుకుంటుందా? ఇన్నాళ్లూ న్యాయవాదిగా నాకు తెలిసినది చెప్పి పంపేవాడిని. ఈ ఏడాది అదే ప్రశ్న మా ఇంటికే వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటిన మా పెదనాన్నగారు తన సింగిల్ బ్యారెల్ తుపాకికి నా పేరున లైసెన్సు తీసుకొమ్మన్నారు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి 25 ఏళ్లుగా ఆయన వద్ద ఉన్నా, వారసుడు దరఖాస్తు చేసుకునే వీలు 2016 నాటి ఆయుధ నియమాల్లో ఉంది కనుక దారికి అడ్డు లేదు. అయినా వెంటనే సరే అనలేకపోయాను.

అందరూ కలిపేసి అడిగే రెండు విషయాలను ముందుగా విడదీయాలి. తుపాకి దగ్గర ఉంచుకోవడానికి అనుమతి ఇచ్చేది 1959 నాటి ఆయుధ చట్టం. మనిషి మీద కాల్చడం తప్పా కాదా అని తేల్చేది భారతీయ న్యాయ సంహిత. పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన ఈ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును చెబుతాయి. మొదటి చట్టం కింద లైసెన్సు ఉన్నంత మాత్రాన రెండో చట్టం కింద ఏ రాయితీ రాదు. అలాగే ఆత్మరక్షణ హక్కు లైసెన్సు ఉన్నవారికే చెందినది కాదు. కర్ర పట్టుకున్నవాడికీ, ఉత్త చేతులతో ఉన్నవాడికీ అది సమానంగా ఉంటుంది.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ హక్కుకు ఉన్న ఆయుష్షు. ప్రమాదభయం పుట్టిన క్షణాన హక్కు పుడుతుంది, ఆ భయం తీరిన క్షణాన పోతుంది. మరణం వరకు వెళ్లగల సందర్భాలను 38వ సెక్షన్ శరీరానికి సంబంధించి, 41వ సెక్షన్ ఆస్తికి సంబంధించి లెక్కపెట్టి చెప్పాయి. చంపడానికో, తీవ్రంగా గాయపరచడానికో, అపహరించడానికో మీదికి వచ్చినప్పుడు, అత్యాచారానికో యాసిడ్ దాడికో తెగబడినప్పుడు శరీరరక్షణ హక్కు అంతవరకు వెళుతుంది. దోపిడీ జరుగుతున్నప్పుడు, సూర్యాస్తమయం తరువాత ఇంటికి కన్నం వేసి చొరబడినప్పుడు, నివాసానికి నిప్పు పెట్టినప్పుడు ఆస్తిరక్షణ హక్కు అంతవరకు వెళుతుంది. ఇక్కడే మన రైతులు పొరబడుతున్నారు. తోటలో రాలిన జీడిపిక్కలను సంచిలోకి ఎత్తుకునేవాడు చేసేది దొంగతనం. అతని వల్ల ప్రాణానికో తీవ్ర గాయానికో ముప్పు ఉందని నమ్మడానికి సరైన కారణం లేనంతవరకు, అతన్ని అడ్డుకోవచ్చు, పట్టుకోవచ్చు, అవసరమైన మేరకు బలం వాడవచ్చు, కానీ ప్రాణం తీసే హక్కు లేదు. అర్ధరాత్రి తలుపు పగలగొట్టి లోపలికి వచ్చినవాడి విషయంలో చట్టం ఎక్కువ బలాన్ని అనుమతిస్తుంది. అయితే ఆ చొరబాటు సాగుతున్నంతసేపే ఆ అనుమతి. వాడు గడప దాటి చెట్ల మధ్యకు పరుగు తీశాక వెనుక నుంచి పేల్చిన తూటాను ఆ సెక్షన్ కాపాడదు. కర్ర ఎత్తినవాడు ఎదుటివాడు వెనుదిరగగానే చెయ్యి దించగలడు. ట్రిగ్గర్ నొక్కినవాడికి ఆ అవకాశం లేదు. అవసరానికి మించి హాని చేయరాదని 37వ సెక్షన్ పెట్టిన షరతును తుపాకితో పాటించడం అందువల్లే ఇంత కష్టం.

కోర్టులు ఆ క్షణాన్ని అర్థం చేసుకోవని నేను అనడం లేదు. పంజాబ్‌కు చెందిన దర్శన్ సింగ్ కేసులో, తండ్రి మీద గండ్రగొడ్డలి వంటి ఆయుధంతో దాడి జరుగుతుండగా కొడుకు తుపాకి పేల్చగా దాడి చేసినవాడు మరణించాడు. 2010లో సుప్రీంకోర్టు ఆ కొడుకును నిర్దోషిగా వదిలివేసింది. ప్రమాదంలో ఉన్నవాడు పారిపోవలసిన పని లేదని, ఆ ఉద్వేగంలో అతడు వాడిన బలాన్ని బంగారం తూచే త్రాసులో తూచకూడదని మన న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి. అయితే ఆ తీర్పు వచ్చేదాకా నిందితుడు నిందితుడే. ఆత్మరక్షణ అని చూపే బాధ్యత అతని మీదే ఉంటుంది; సందేహానికి తావులేకుండా కాకపోయినా, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపాలి. సదుద్దేశంతోనే హద్దు మీరినా, హత్య నేరం తప్పవచ్చునేమో గాని, హత్య కాని ప్రాణహరణ నేరం మిగిలే ఉంటుంది. నిర్జనమైన తోటలో, సాక్షి లేని చీకటిలో జరిగినదాన్ని చూపడం ఎంత కష్టమో వకాలతు వేసినవారికి తెలుసు.

ఇంతా తెలిసి తుపాకే కావాలనుకునేవారికి పొడవైన సింగిల్ లేదా డబుల్ బ్యారెల్ తుపాకే మేలు, పిస్తోలు కాదు. ఆయుధ చట్టం 13వ సెక్షన్ ప్రకారం 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నని లోగొట్టపు తుపాకిని రక్షణకు అడిగితే, పంట కాపలాకు మందు కూరే తుపాకిని అడిగితే, నిరాకరణకు చట్టంలో చెప్పిన కారణాలు లేనప్పుడు అధికారి లైసెన్సు ఇవ్వాలి. పిస్తోలుకు, రివాల్వర్‌కు మాత్రం అది ఎందుకు అవసరమో తగిన కారణంతో అధికారికి నమ్మకం కలిగించాలి. పైగా నడుముకు కట్టుకునే ఆయుధం బజారులో మాటామాటా పెరిగినప్పుడు కూడా చేతికి అందుతుంది. గోడకు తగిలించిన పొడవైన తుపాకి ఇంటి వద్దే ఉంటుంది, కోపం చల్లారడానికి ఆ దూరం ఎంతో సాయం చేస్తుంది.

నాటు తుపాకి గురించి అడిగేవారు గొంతు తగ్గించి అడుగుతారు, నేను మాత్రం గట్టిగానే జవాబు చెబుతాను. లైసెన్సు లేని తుపాకి దగ్గర ఉంచుకుంటే 2019 సవరణ తరువాత సాధారణంగా కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు శిక్ష. తయారు చేసినా, అమ్మినా కనీసం ఏడేళ్ల నుంచి యావజ్జీవం వరకు. నిజంగానే ప్రాణం కాపాడుకోవడానికి దాన్ని పేల్చి ఉంటే ఆత్మరక్షణ హక్కు హత్యానేరం నుంచి తప్పించవచ్చు. ఆయుధ చట్టం కింద పెట్టిన కేసు మాత్రం విడిగా నడుస్తుంది. ఆ భయంతో మనిషి జరిగినదాన్ని దాచిపెడతాడు, ఆ దాచడమే అతని ఆత్మరక్షణ వాదాన్ని అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీస్తుంది.

ఎయిర్‌గన్‌తో మనిషిని ఆపలేము. పెప్పర్ స్ప్రేకు ఆయుధ లైసెన్సు అక్కరలేదు, ఒంటరిగా ప్రయాణించే ఆడపిల్లలకు అది ఉపయోగం. తోట కంచెకు కరెంటు తీగ చుట్టడాన్ని నేను రక్షణ మార్గంగానే లెక్కించను. అది పొరుగువాడి బిడ్డనూ చంపుతుంది.

మన వైపు ఎలుగుబంటి, ఏనుగు భయం కూడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం తననో మరొకరినో కాపాడుకోవడానికి సద్భావంతో అడవి జంతువును గాయపరచినా చంపినా నేరం కాదు. అయితే ఆ సమయంలో ఆ మనిషి అదే చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉండకూడదు. అంటే వేటకు వెళ్లినవాడికి ఆ రక్షణ లేదు. లఖారి లోయ వంటి అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త తుపాకి లైసెన్సు ఇవ్వాలంటే ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని ముందస్తు సమ్మతి కావాలి. గజపతి జిల్లాలో కొండ దిగువ ఊళ్లవారు దరఖాస్తుకు ముందు ఈ దూరం చూసుకోవాలి.

సరిహద్దులో ఉన్నవారికి మరో చిక్కు ఉంది. కలెక్టరు ఇచ్చే లైసెన్సు సాధారణంగా జిల్లాకో రాష్ట్రానికో మాత్రమే చెల్లుతుంది, ఆ పరిధి లైసెన్సులోనే రాసి ఉంటుంది. ఇల్లు పర్లాకిమిడిలో, పొలం ఆంధ్రలోని పాతపట్నం వైపు ఉన్నవారు రోజుకు రెండుసార్లు రాష్ట్రం దాటుతారు, ఆ సంగతి వారికి గుర్తు కూడా ఉండదు. ఒడిశాకు మాత్రమే చెల్లే లైసెన్సుతో తుపాకిని ఆవలికి తీసుకువెళితే అది లైసెన్సు పరిధి దాటినట్లే. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచలో ఉండి గోదావరి వంతెన మీదుగా తెలంగాణలోని కాళేశ్వరం వెళ్లేవారికీ ఇదే వర్తిస్తుంది. మా తోటలు కూడా రెండు వైపులా ఉన్నాయి.

నా నిర్ణయంలో చివరికి తూగినది మరొకటి. లైసెన్సు మనిషికి ఇచ్చేదే గాని తోటకు ఇచ్చేది కాదు. లైసెన్సు తీసుకునే నేను పట్టణంలో నిద్రపోతాను. తోటలో ప్రాణభయంతో మేలుకుని ఉండేది కాపలాదారు. అధికారి అనుమతితో అతని పేరు లైసెన్సులో చేర్పించకుండా తుపాకి అతని చేతికి ఇస్తే నేరం. చేర్పించి ఇస్తే, ఇంతసేపు చెప్పిన క్షణాల లెక్కనంతా నెలజీతం మీద బతికే ఒక మనిషి భుజాన వేసినట్లవుతుంది. ఆ పని నాకు న్యాయంగా తోచలేదు.

అందువల్ల ఈ సీజనుకు తోటలో ఒక్కరికి బదులు ఇద్దరిని కాపలా పెట్టాము. గుడిసెకు గట్టి తలుపు, సౌరదీపం, ఒక కుక్క, ఇద్దరి ఫోన్లలోనూ అత్యవసర నంబరు 112. లైసెన్సు నా పేరున తీసుకోనని పెదనాన్నగారితో చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు; అది ఆయన తండ్రి చేతి తుపాకి. గడువు తీరేలోపు దాన్ని ఠాణాలో అప్పగించడానికి చివరికి ఒప్పుకున్నారు. అయితే ఆ పని మరెవరికీ వదలనని, తుపాకిని శుభ్రం చేసి తానే స్వయంగా తీసుకువెళ్లి అప్పగిస్తానని అన్నారు.