కొండ కింద మామిడితోటకు పెట్రోలు బ్లోయర్: రెండు ఎండాకాలాలు వీపున మోసినాక

తిరుపతి నుంచి మదనపల్లె పోయే దారిలో, రంగంపేట దాటినాక కొండ వాలు కింద మా తోట ఉంది. ఐదెకరాలు. ఎక్కువ తోతాపురి, బావి గట్టున ఇంట్లోకి తినడానికి నాలుగు బేనీషా చెట్లు. తోట వెనక కంచె దాటితే అడవే. ఆ కంచె పొడుగు 300 మీటర్లు. నేను వీపుకు తగిలించుకునే పెట్రోలు బ్లోయర్, అంటే గాలి ఊది రాలిన ఆకును తోసే మిషన్, కొన్నది ఆ 300 మీటర్ల కోసమే. టౌన్లో ఇంటి ముందర వేపాకు ఊడ్చుకోవడానికి ఇలాంటిది తీసుకుందామనుకునేవాళ్లకు ముందే చెప్తున్నా, వద్దు. ఎందుకో కింద రాశాను.

2014 మార్చిలో శేషాచలం కాలినప్పుడు తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద నిలబడి చూశాం. రాత్రిళ్లు కొండ మీద ఎర్రటి గీత కనబడేది. వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు కుమ్మరించాయి. ఆ ఏడు మా తోటకు ఏమీ కాలేదు గానీ మా మామకు ఆ భయం మనసులోంచి పోలేదు. అప్పటినుంచి ఏటా సంక్రాంతి దాటగానే కంచె పొడుగునా పదడుగుల వెడల్పున గడ్డి కోయించి, ఆకంతా ఎత్తించి, నేల కనబడేలా చేయిస్తాడు. అడవి శాఖవాళ్లు మంటగీత అంటారే, అదే. కింద పరుచుకున్న ఆకు మీదుగా పాకే మంటకు అక్కడ మేత ఉండదు. గాలి గట్టిగా వీస్తే నిప్పురవ్వ ఎగిరి ఇవతల పడవచ్చు, అది నిజమే. అయినా మంట నెమ్మదించే చోటు, మనిషి నిలబడి పచ్చికొమ్మతో కొట్టగలిగే చోటు ఒకటి ఉంటుంది. మామిడిచెట్టు నిలువునా కాలిపోకపోయినా, మొదలు దగ్గర బెరడు చుట్టూ ఉడికితే చాలు, మరుసటేడు ఆ చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే.

చిక్కల్లా ఏమిటంటే, సంక్రాంతికి చేసిన గీత మార్చికి ఉండదు. కొండ మీది చెట్లు ఆకు రాల్చేది జనవరి నుంచి మార్చి దాకా. పైనుంచి గాలికి దొర్లుకుంటూ వచ్చి మన శుభ్రమైన పదడుగుల్లోనే చేరుతుంది. అసలు భయం మొదలయ్యే నెలకు గీత మళ్లీ ఆకుతో నిండిపోయి ఉంటుంది. ఇద్దరు మనుషులు పొరకలూ దంతెలూ పట్టుకుని చేస్తే రెండు రోజుల పని. ఎండలు ముదిరినాక అదే పనిని నెలకు రెండుసార్లు చేయించడం మావల్ల కాలేదు. కూలి ఒక్కటే కాదు, మార్చి మధ్యాహ్నం ఆ కంచె పక్కన ఒంగి ఊడ్వమని ఎవరినీ అడగలేం. బ్లోయర్‌తో అది గంటన్నర పని. మూడు వారాలకోసారి ఈ పని తేలిగ్గా చేసుకోగలగడమే ఈ మిషన్ ఇచ్చే అసలు లాభం. ఒక్కసారి శుభ్రం చేయడానికైతే పొరక చాలు.

మొదటిది చౌకగా వస్తోందని ఆన్‌లైన్లో తెప్పించాం. కంపెనీ పేరు రాయను, తప్పు మాది కూడా. దానికి లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలపాలి. ఇంట్లో పిల్లవాడొకడు బైకు కోసం తెచ్చిన ఉత్త పెట్రోలు పోసి తాడు లాగాడు. ఇలాంటి చిన్న టూ స్ట్రోక్ ఇంజన్‌లో నూనెకు వేరే గది ఉండదు, పెట్రోలుతో కలిసి పోయే నూనే లోపల తడి. పది నిమిషాలు నడిచి, సన్నగా కీచుమని, పిస్టన్ పట్టేసింది. విప్పి చూసిన మెకానిక్ సిలిండర్ గోడల మీద గీతలు చూపించి, "ఇంక దీన్ని వదిలేయండమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి మా కొట్టంలో కలిపిన పెట్రోలుకు ఎర్ర క్యాను, ఉత్త పెట్రోలుకు నల్ల క్యాను. ఎర్రదాని మీద కలిపిన తేదీ సున్నంతో రాస్తాం.

రెండోసారి ఏడాది ఆలోచించి కొన్నాం. ముందు బ్యాటరీది చూశాం. సద్దు తక్కువ, పొగ లేదు, తాడు లాగే పనే లేదు. కానీ తోటలో కరెంటు మోటారుకిచ్చే తొమ్మిది గంటల త్రీఫేజే. గంటన్నర నిండు గాలి కావాలంటే అదనంగా బ్యాటరీలు కొనాలి, వాటిని ఇంటి నుంచి ఛార్జి చేసుకుని రావాలి. మందు కొట్టే మిస్ట్ బ్లోయర్ ఉన్నవాళ్లు ట్యాంకులో మందు లేకుండా దాన్నే ఊదడానికి వాడుకుంటారు. ఎకరం, రెండెకరాల తోటకు అది సరిపోతుంది, కొత్తది కొనే ముందు అది ప్రయత్నించండి. మా గీతకు మాత్రం ఆ గాలి చాలలేదు. మామిడాకు వేపాకులాంటిది కాదు. తోలులా మందంగా ఉంటుంది, రెండు మూడు పొరలు అతుక్కుని ఉంటే పై పొర మాత్రమే లేస్తుంది.

ఇక్కడ నేను నేర్చుకున్నది ఒకటి చెప్తాను. అమ్మేవాళ్లు గాలి వేగం అంకె పెద్దగా చూపిస్తారు. సన్నటి గొట్టం పెడితే ఏ చిన్న మిషనైనా వేగంగానే ఊదుతుంది. రాశిగా పడిన ఆకును జరిపేది వేగం ఒక్కటే కాదు, నిమిషానికి ఎంత గాలి వస్తుందన్నది కూడా. ఈ రెండూ కలిసిన తోపు బలాన్ని న్యూటన్లలో ఇస్తారు. ఆ అంకె ఇవ్వని మిషన్‌ను నేను కొనను. చివరికి తీసుకున్నది స్టిల్ బీఆర్ 600. ఇంజన్ 64.8 సీసీ, తోపు బలం 32 న్యూటన్లు, పెట్రోలు లేకుండా బరువు 9.8 కేజీలు, ట్యాంకు 1.4 లీటర్లు. చెన్నైలో హస్క్‌వర్నా 570బీటీఎస్ కూడా తగిలించుకుని చూశాను. 65.6 సీసీ, అదీ గట్టి మిషనే. బరువు 11 కేజీల పైన. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. నా వీపుకు ఆ కేజీ పైన తేడా తెలిసింది. మీరు ఆరడుగుల మనిషైతే మీ లెక్క వేరుగా ఉండవచ్చు. ధర మాత్రం రెండింటిదీ తక్కువేం కాదు. ఆ డబ్బుకు పాత మోపెడ్ ఒకటి వస్తుంది.

అంగడాయన పట్టీలు సరిచేయకుండానే ఇచ్చేశాడు. మొదటి వారం బరువంతా భుజాల మీద పడి మెడ పట్టేసింది. మిషన్‌తో వచ్చిన పుస్తకం చూసి నేనే సర్దుకున్నాను. ముందు నడుం పట్టీ తుంటి ఎముక మీద బిగించాలి, ఆ తర్వాత భుజం పట్టీలు, చివరికి ఛాతీ పట్టీ. బరువు తుంటి మీద కూర్చుంటే గంటసేపు మోయవచ్చు. గొట్టానికి ఉన్న చేతిపిడి జరుగుతుంది. మోచేయి కొంచెం వంగి ఉండేలా పెట్టుకోవాలి. ఆడవాళ్లు వాడలేరని అంగట్లో ఎవరో అన్నారు. మా తోటలో పనిచేసే అక్క నాకన్నా పొట్టి, ఇప్పుడు నాకన్నా బాగా ఊదుతుంది.

ఇంజన్ గురించి. దీన్ని ఫోర్ మిక్స్ అంటారు. ఫోర్ స్ట్రోక్‌లాగా వాల్వులుంటాయి, కానీ నూనె మాత్రం పెట్రోలులోనే కలపాలి. లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే యాభైకి ఒకటి. ఆయిల్ ఎక్కువైతే మంచిదే కదా అని కొందరు చారెడు పోస్తారు. ప్లగ్ నల్లబడుతుంది, సైలెన్సర్ జాలీ మసితో మూసుకుపోతుంది, బలం తగ్గుతుంది. నేను మెడికల్ షాపులో సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజి కొని క్యానుకు కట్టి ఉంచాను. వాల్వుల సందు అప్పుడప్పుడు చూపించాలి. ఇది మామూలు టూ స్ట్రోక్‌కు లేని ఖర్చు.

పెట్రోలు సంగతి ఇంకా ముఖ్యం. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇలాంటి చిన్న ఇంజన్లకు కంపెనీలు మామూలుగా 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొన్నాళ్లు నిలవుంటే నీళ్లు విడిపోయి అడుక్కు చేరతాయి, కార్బ్యురేటర్ లోపలి పలుచటి పొరలు గట్టిపడతాయి. కొనే ముందు మీ మోడల్‌కు ఎంత శాతం దాకా పనికొస్తుందో డీలర్ దగ్గర రాతలో తీసుకోండి. నేను ఆ వారానికి కావలసినంతే కలుపుతాను. పని అయ్యాక ట్యాంకులో మిగిలింది క్యానులోకి వంచేసి, ఇంజన్‌ను అదే ఆగిపోయేదాకా తిప్పుతాను. మేలో కోతలు మొదలయ్యాక మళ్లీ డిసెంబరు దాకా దాని అవసరం ఉండదు. అన్ని నెలలు పెట్రోలుతో మూలన పెడితే కొత్త సీజన్లో తాడు ఎంత లాగినా పలకదు.

ఊదే పద్ధతి చెప్పాలంటే, పొద్దున ఎనిమిదిన్నరకు మంచు ఆరినాక మొదలుపెట్టి, గాలి లేవకముందే పదింటికి ముగిస్తాను. తడాకు కదలదు, పెట్రోలు దండగ. గాలి వీపు వెనక ఉండాలి. గొట్టం మూతి నేలకు జానెడెత్తున, ఏటవాలుగా, ముగ్గు పిండి చల్లినట్టు అటూ ఇటూ తిప్పుతూ నడవాలి. నిలువు గడ్డిని ఇది ఏమీ చేయదు. బోదగడ్డి ముందు కోసే మిషన్‌తో కోయాల్సిందే. ఎండాకుకు సగం యాక్సిలరేటర్ చాలు, నిండుగా ఇచ్చేది మామిడాకు పొరలకే. అలా వాడితే ఒక ట్యాంకుతో గీత మొత్తం అయిపోతుంది. మట్టి విపరీతంగా లేస్తుంది. కళ్లకు అన్నివైపులా మూసుకునే అద్దాలు, ముక్కుకు మంచి మాస్కు తప్పనిసరి. పల్లేరుకాయలు మొహానికి ఎగిరి వచ్చిన రోజున్నాయి. పూత మీదున్న చెట్ల వైపు ఊదకూడదు, దుమ్ము పూతకు పట్టేస్తుంది. అందుకే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా గొట్టం చెట్టుకు ఎడంగా పెట్టుకుని నడుస్తాం.

ఆకును అడవిలోకి ఊదం. కంచె అవతల ఏం చేయాలన్నా అది అడవి శాఖ వాళ్ల పని. మా వైపుకే తోసి, ఇరవై అడుగులు లోపల తవ్విన గుంతలో వేసి డ్రిప్పు నీళ్లతో తడుపుతాం. అది ఎరువు. చెట్ల కింద పాదుల్లో ఉన్న ఆకును మాత్రం ముట్టుకోనివ్వను. నేలలో తేమ నిలిచేది దానివల్లే. మిషన్ కొన్న కొత్తలో తోటంతా అద్దంలా చేసేద్దామని అందరికీ అనిపిస్తుంది, అలా చేయొద్దు.

అన్నిటికన్నా జాగ్రత్త ఇది. మంట రాకుండా ఉండటానికి కొన్న మిషనే మంట పెట్టగలదు. నిండు బలంతో నడిచిన సైలెన్సర్ కాగి ఉంటుంది. దాన్ని దించి ఎండాకు మీద పెట్టారంటే అంతే. మేము కంచె పక్కన మూడు చోట్ల బండలు పరిచి, దించితే వాటి మీదే దించుతాం. పెట్రోలు మళ్లీ పోయాలంటే పది నిమిషాలు చల్లారనిచ్చి, బండ మీదే, పక్కన రెండు బిందెల నీళ్లు పెట్టుకుని పోస్తాం. సైలెన్సర్‌లో నిప్పురవ్వలను ఆపే జాలీ ఉంటుంది. మసి పట్టిందని దాన్ని తీసేసి నడిపేవాళ్లున్నారు. కొండ కింద ఆ పని ఎవరూ చేయకండి.

ఇక సద్దు. మొదటిరోజు మా మామ బావి దగ్గర నుంచే, "ఏందమ్మా ఇంత సద్దు చేస్తా ఉండాది, గువ్వలన్నీ లేచిపోయినాయి చూడు" అన్నాడు. ఆయన మాట నిజం. మోసే మనిషి చెవి దగ్గర 100 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. 85 డెసిబెల్స్‌ను చెవి ఎనిమిది గంటలు తట్టుకోగలదని, పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుందని అమెరికాలో వృత్తి భద్రతను చూసే నియోష్ లెక్క. ఆ ప్రకారం 100 దగ్గర పావుగంటే. చెవులు మూసే మఫ్‌లు లేకుండా మా తోటలో ఎవరూ దాన్ని స్టార్ట్ చేయరు. అరగంటకు మనుషులు మారతాం.

అందుకే టౌన్లో వద్దన్నాను. మన దేశంలో ఇళ్ల మధ్య పగటిపూట ఉండాల్సిన శబ్దం 55 డెసిబెల్స్. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే అది ఉంది. అమెరికా వాళ్లు వీడియోల్లో గ్యాస్ బ్లోయర్ అనేది దీన్నే, వాళ్ల గ్యాస్ అంటే మన పెట్రోలు. ఇళ్ల మధ్య దీన్ని ఏళ్ల తరబడి వాడి చూసినాక వాషింగ్టన్ నగరంలో 2022 జనవరి 1 నుంచి నిషేధించారు. కాలిఫోర్నియా 2024 నుంచి తయారయ్యే కొత్తవాటి అమ్మకానికే అడ్డుకట్ట వేసింది. గంటసేపు ఒక బ్లోయర్ నడిస్తే వచ్చే పొగమంచు కాలుష్యం, కొత్త కారు 1,100 మైళ్లు తిరిగితే వచ్చేదానితో సమానమని ఆ రాష్ట్ర వాయు బోర్డు చెప్పింది. తిరుపతిలో మా ఇంటి ముందర నిద్రగన్నేరు చెట్టుంది, రోజూ బుట్టెడు ఆకు రాలుస్తుంది. దానికి టెంకాయ పుల్లల పొరకే. ఈ మిషన్‌ను ఇంతవరకు టౌన్‌కు తేలేదు, తేను.

కళ్లంలో చెనిక్కాయల పొట్టు ఎగరగొట్టి చూశాం, కాయలు కూడా పోయాయి. ఆ పనికి ఇది అక్కరకు రాదు.

ఈ ఏడు మా గీత ఇప్పటికి మూడుసార్లు అయింది. పక్క తోట వాళ్ల కంచె మాకు ఆనుకుని ఇంకో 200 మీటర్లు ఉంది. అక్కడ ఆకు మోకాలిలోతు. అటునుంచి మంట వస్తే మా గీతకు అర్థమే లేదు. మిషన్ అడిగితే ఊరికే ఇవ్వలేను, అప్పుకు ఇచ్చినదానిలో ఏం పోస్తారో తెలియదు. కాబట్టి ఆదివారం అక్కనే పంపిస్తున్నా. కూలి వాళ్లివ్వాలి, పెట్రోలు మా ఎర్ర క్యానులోది.