ఒంగోలులో విలువిద్య శిక్షణ: ఏడాది తరువాత మా అభిప్రాయం

మా పన్నెండేళ్ల అమ్మాయిని ఒంగోలు శివార్లలోని ఒక విలువిద్య శిక్షణ కేంద్రంలో చేర్చి ఏడాది దాటింది. అక్కడి కోచ్ గారు ఒకప్పుడు రికర్వ్ (కొసలు ముందుకు వంగి ఉండే విల్లు) విభాగంలో రాష్ట్ర చాంపియన్; భుజం దెబ్బతినడంతో పోటీలు మానుకుని శిక్షణలోకి వచ్చారు. ఎదిగే వయసులో శక్తికి మించిన విల్లు ఎక్కుపెట్టడమే ఆ గాయానికి కారణమని చేరిన రోజే తల్లిదండ్రులకు దాచకుండా చెబుతారు. ఆయన శిక్షణ అంతా ఆ అనుభవం మీదే నిలిచిందని నా నమ్మకం.

మొదటి నెల పిల్లల చేతికి బాణమే ఇవ్వరు. రబ్బరు పట్టీ లాగించడం, నిలబడే తీరు సరిదిద్దడం, అంతే. ఇంతకుముందు మేము చేర్పించిన మరో చోట తొలిరోజే విల్లు చేతికిచ్చారు. నారి తగిలి పాప ముంజేయి కమిలిపోయింది. చాలా రోజులు విల్లు పట్టడానికే భయపడింది.

విజయవాడ క్రీడాకారిణి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ (కొసలకు కప్పీలుండే విల్లు) విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచినప్పటి నుంచి చాలామంది ఆ విల్లే నేర్పమని అడుగుతున్నారు. ఆయన మాత్రం ముందు వెదురు విల్లుతోనే మొదలుపెట్టిస్తారు, చేయి కుదిరాకే రికర్వ్ ఇస్తారు.

రికర్వ్ విల్లుకు క్లిక్కర్ అనే పలుచని రేకు ఉంటుంది. నారిని పూర్తిగా లాగగానే బాణం మొన ఆ రేకు కింద నుంచి జారి 'టిక్' మంటుంది, అప్పుడే వదలాలి. ఆయన పిల్లల వెనుక కళ్లు మూసుకుని నిలబడి ఆ చప్పుడే వింటారు. ఒకరోజు మా అమ్మాయి బాణం నడిమి పసుపు వలయంలో దిగితే మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయన మాత్రం, "టిక్కు వినకముందే వదిలేశావమ్మా, ఇది నీ లెక్కలో వేసుకోకు" అన్నారు. ఒలింపిక్ దూరమైన 70 మీటర్ల నుంచి చూస్తే పది పాయింట్ల వలయం వెడల్పు 12.2 సెంటీమీటర్లే, అక్కడ అదృష్టం ఎన్నిసార్లు కలిసొస్తుంది?

లోపాలూ ఉన్నాయి. మైదానం 50 మీటర్లకే సరిపోతుంది. ఎక్కడా నీడ లేదు, తాగునీరు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. మే నెలలో ఇది చిన్న కష్టం కాదు. రుసుము కొంచెం ఎక్కువే అయినా, తొలి ఆరు నెలలూ కేంద్రం విల్లే వాడుకోనిస్తారు కనుక కొనుగోలు ఖర్చు వెంటనే మీద పడదు. చేర్పించదలచినవారు ఉదయం ఆరింటి బ్యాచ్ అడగండి. సాయంత్రం సముద్రపు గాలికి కొత్త పిల్లల బాణాలు పక్కకు పోతాయి.